పరకాల ఫైరింజను హనుమకొండకు వస్తే మిగిలేదెంత?

“చిన్న ఫైర్ స్టేషన్లు దండగ. ఒక్కోదాంట్లో ఒక్క బండి, నెలలో సగం రోజులు పనే ఉండదు. రెండు మూడింటిని కలిపి జిల్లా కేంద్రంలో ఒక పెద్ద స్టేషన్ పెడితే ఖర్చు సగమవుతుంది. కలిపినందుకు కేంద్రం కోట్లు ఇస్తుంది. విదేశాలన్నీ ఇదే చేశాయి. ఇప్పుడు రోడ్లు బాగున్నాయి, బండి అరగంటలో ఎక్కడికైనా చేరుతుంది.” వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతున్న మాట ఇది. పైపైన చదివితే లెక్క సరిగ్గానే ఉందనిపిస్తుంది. ఒక్కో ముక్కా విడదీసి చూడాలి.

ఖర్చు సగమవుతుందన్న మాటకు పునాదే తప్పు. ముంబయి, అహ్మదాబాద్‌లలో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు కూడా ఈ సేవను పట్టణ సంస్థల పనుల్లో చేర్చింది. తెలంగాణలో మాత్రం అది రాష్ట్ర శాఖ చేతిలోనే ఉంది. హనుమకొండ జిల్లాలోని పరకాల స్టేషన్ పరకాల మున్సిపాలిటీది కాదు, నర్సంపేట స్టేషన్ నర్సంపేట మున్సిపాలిటీది కాదు. నియామకాలు, శిక్షణ, జీతాల స్కేలు, బండ్ల కొనుగోలు అన్నీ ఒకే శాఖవి. విడివిడి దళాలను కలిపినప్పుడు ఎక్కడైనా డబ్బు మిగిలేది వీటిలోనే. ఆ మిగులు మనకు ముందు నుంచే ఉంది. ఇక కలపడానికి మిగిలినవి స్టేషన్లే. వాటిని కలిపితే పెరిగేది దూరం.

స్టేషన్ ఖర్చులో పెద్ద వాటా జీతాలది. ఒక నీళ్ల బండి పూర్తి బలంతో కదలాలంటే ఒక లీడింగ్ ఫైర్‌మన్, ఒక డ్రైవర్ ఆపరేటర్, 4గురు ఫైర్‌మన్లు, మొత్తం 6గురు కావాలి. మూడు షిఫ్టులకు 18 మంది. సెలవులకు, శిక్షణకు, జబ్బులకు మరో ముగ్గురు నలుగురు ఉండాలి. రెండు బండ్లకు దీనికి రెట్టింపు. ఆ రెండు బండ్లనూ తెచ్చి ఒకే షెడ్డులో నిలబెడితే ఈ లెక్కలో ఒక్క ఫైర్‌మన్ కూడా తగ్గడు. తగ్గేవి ఒక స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టు, ఫోన్లు అందుకునే ఒక వాచ్‌రూం, ఒక కరెంటు బిల్లు. నిజంగా సగం మిగలాలంటే ఒక బండి సిబ్బందిని పూర్తిగా తీసేయాలి. అప్పుడు ఆ బండి షెడ్డు దాటదు. ఆ మెసేజి ఈ మాట మాత్రం చెప్పదు.

కలిపినందుకు కేంద్రం నిధులిస్తుందన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన ముక్క, ఎందుకంటే అందులో ఒక నిజం ఇరుక్కుని ఉంది. డబ్బు ఉన్న మాట నిజం. 15వ ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్ర హోంశాఖ 2023 జులైలో రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు రూ.5,000 కోట్ల పథకం తెచ్చింది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలను మినహాయిస్తే మిగతా రాష్ట్రాలు 25 శాతం తమ వాటాగా పెట్టుకోవాలి. పథకం పేరులోనే విస్తరణ ఉంది. డబ్బు దేనికి వాడాలో చెప్పిన పనుల్లో కొత్త స్టేషన్లు పెట్టడం, శిక్షణ కేంద్రాలను బలపరచడం, ఆధునిక పరికరాలు కొనడం ఉన్నాయి. అందులోంచి రూ.500 కోట్లు సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా పక్కన పెట్టారు. ‘ప్రోత్సాహకం’ అన్న మాట ఇక్కడి నుంచే జారి మెసేజిలో పడి ఉంటుంది. కానీ ఆ సంస్కరణలంటే చట్టపరమైనవి, మౌలిక వసతులకు సంబంధించినవి. స్టేషన్లు మూసి కలిపేస్తే ఇచ్చే బహుమానం కాదది. కొత్త స్టేషన్ల కోసం వచ్చిన డబ్బును చూపించి ఉన్న స్టేషన్ ఎత్తేయమనడం అన్యాయం.

ఇంకో తేడా ఉంది. ఇలాంటి నిధులు బండికో, భవనానికో ఒక్కసారి వస్తాయి. జీతం, డీజిలు, టైర్లు, పంపు మరమ్మతు ఏటా రాష్ట్ర బడ్జెట్టు మీదే పడతాయి. ఒక్కసారి వచ్చే డబ్బును ఏటా మిగిలే పొదుపుగా చూపిస్తే ఆ లెక్క తప్పని రెండో ఏడే తేలిపోతుంది.

విదేశాల సంగతి. స్కాట్లాండ్ 2013 ఏప్రిల్ 1న 8 ప్రాంతీయ దళాలను ఒకే జాతీయ దళంగా కలిపింది. స్థానిక సంస్థల కింద ఉన్నప్పుడు ఆ దళాలకు కొనుగోళ్ల మీద కట్టిన వ్యాట్ తిరిగి వచ్చేది. జాతీయ సంస్థ కాగానే ఆ హక్కు పోయింది, 2018 దాకా తిరిగి రాలేదు. ఇంగ్లండ్‌ది ఇంకా పెద్ద దెబ్బ. ఫోన్లు అందుకుని బండ్లను పంపే 46 స్థానిక కంట్రోల్ రూములను 9 ప్రాంతీయ కేంద్రాలుగా కలపాలని 2004లో మొదలుపెట్టారు. కంప్యూటర్ వ్యవస్థ పని చేయలేదు, 2010 డిసెంబరులో పథకాన్నే రద్దు చేశారు. వృథా అయిన సొమ్ము కనీసం 46.9 కోట్ల పౌండ్లని అక్కడి జాతీయ ఆడిట్ సంస్థే తేల్చింది. జపాన్ కూడా 2006లో చట్టం సవరించి చిన్న పట్టణాల దళాలను కలిసేలా ప్రోత్సహించింది. అక్కడ ఒక్కటి చేయాలనుకున్నది దళాల ప్రధాన కార్యాలయాలను. పైగా విడి దళాలు కలిసినప్పుడు జీతాలు సాధారణంగా ఎక్కువున్న వైపుకే సమం అవుతాయి, రేడియోలు మార్చాలి, సీనియారిటీ తగవులు తీర్చాలి. బయట ప్రభుత్వాలు విలీనానికి ఇచ్చే సాయం చాలావరకు ఈ మొదటి దెబ్బ తట్టుకోవడానికే.

ఇక అరగంట మాట. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

గ్రామాల్లో బండి 20 నిమిషాల్లో, పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాల్లో చేరాలన్నది మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం. ఫోను అందుకుని ఊరు, గుర్తులు రాసుకుని బండి గేటు దాటడానికి 2 నిమిషాలు తీసేయండి. నిండు ట్యాంకుతో ఉన్న బండి ఊళ్ల మీదుగా సగటున గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే, మిగిలిన 18 నిమిషాల్లో 12 కిలోమీటర్లు దాటదు. హనుమకొండ నుంచి పరకాల 30 కిలోమీటర్లకు పైనే. 45 నిమిషాలు దారికే సరి, అదీ పరకాల సెంటరు దాకా. అక్కడి నుంచి పక్క ఊళ్లకు ఇంకా పోవాలి. గడ్డివాముకు, పూరింటికి అంటుకున్న మంట 45 నిమిషాలు ఆగదు. ఆ బండి వచ్చి చల్లేది బూడిద మీద.

బండి వచ్చాక కూడా నీళ్ల లెక్క ఉంటుంది. సాధారణ నీళ్ల బండి ట్యాంకు 4,500 లీటర్లు. 20 మిల్లీమీటర్ల నాజిల్‌తో, కొన దగ్గర 4 బార్ల ఒత్తిడితో కొడితే నిమిషానికి సుమారు 530 లీటర్లు పోతాయి. ఎనిమిదిన్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. రెండు గొట్టాలు పెడితే నాలుగు నిమిషాలకే. ఆ తరువాత ఎక్కడ నింపుకోవాలి? బావిలోకి నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం వేస్తే పంపు ఆచరణలో సుమారు 7 మీటర్ల లోతు దాకానే లాగుతుంది. ఎండాకాలం బావుల్లో నీళ్లు అంతకంటే కిందికి దిగితే ఎంత మంచి పంపైనా గాలే పీలుస్తుంది. చెరువులో వేస్తే నాచు గొట్టం కొనకున్న జల్లెడకు (స్ట్రైనర్‌కు) చుట్టుకుంటుంది, గొట్టం జాయింటు కొంచెం వదులున్నా ప్రైమింగ్ పట్టదు, అంటే పంపులోకి నీళ్లెక్కవు. ఏ బోరు బాగా పోస్తుంది, ఏ చెరువు కట్ట మీదికి బండి ఎక్కుతుంది, ఏ సందులో తిరగదు అన్నది ఆ మండలంలో రోజూ తిరిగే సిబ్బందికి తెలుస్తుంది. 30 కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చినవాళ్లు వెతుక్కోవాలి.

సగం రోజులు పని లేదన్న ఆరోపణకు జవాబు పత్తి దగ్గర దొరుకుతుంది. పైన మంట ఆరినా 170 కిలోల బేలు (నొక్కి కట్టిన పత్తి మూట) లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. జేసీబీతో ఒక్కో బేలు పక్కకు లాగి, విప్పి, తడపాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ గోదాములోనో జమ్మికుంట జిన్నింగు మిల్లులోనో పెద్ద మంట లేస్తే బండ్లు గంటలు కాదు, ఒక్కోసారి రోజులు అక్కడే చిక్కుకుంటాయి. ఉన్న బండ్లన్నీ ఒకే స్టేషన్‌వైతే అదే పొద్దు ఆత్మకూరు వైపు మిరప కల్లం అంటుకున్నప్పుడు పంపడానికి ఏముంటుంది? మంటలు నెలకు సమానంగా పంచుకుని రావు. వరి కోతల తరువాత మార్చి నుంచి మే దాకా గడ్డి, కొయ్యకాళ్ల మంటలు ఒకే మధ్యాహ్నం నాలుగు చోట్ల లేస్తాయి. ఖాళీగా కనిపించే రోజుల్లో కూడా పంపు నడిపి చూడాలి, గొట్టాలు ఆరబెట్టాలి, బ్యాటరీ, టైర్లలో గాలి చూసుకోవాలి. అలా సిద్ధంగా ఉన్నందుకే మనం ఆ జీతం ఇస్తున్నాం.

వరంగల్ కార్పొరేషన్‌లో 42 గ్రామాలు కలిశాయి కదా, స్టేషన్లు కలిస్తే తప్పేమిటని కొందరు జోడిస్తున్నారు. ఆ విలీనంతో నగరం 400 చదరపు కిలోమీటర్లు దాటింది. పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలన్నది పాత సలహా ప్రమాణం. దాన్ని అక్షరాలా పాటించలేకపోయినా, విలీనం చూపించే దారి స్టేషన్లు పెంచమనే.

కలపదగినవి ఉన్నాయి. నిచ్చెన బండి, నూనె మంటల మీద నురగ కొట్టే ఫోం బండి లాంటివి ప్రతి చోటా అవసరం లేదు, నాలుగైదు స్టేషన్లకు ఒకటి చాలు. పంపుల మరమ్మతుకు ఉమ్మడి వర్క్‌షాప్ ఉంటే బండి వారాలకొద్దీ మూలన పడదు. 101కు వచ్చినా 112కు వచ్చినా పిలుపు ఒకే తెర మీద కనిపించి, జిల్లా గీత చూడకుండా దగ్గరి బండి కదిలితే ఇంకా మంచిది. కేంద్ర నిధులు అడగాలనుకుంటే వీటికి అడగండి. ప్రతి మండలంలో బండి నింపుకునేలా వాటర్ ట్యాంకుకు గొట్టం బిగించే 63 మిల్లీమీటర్ల కప్లింగు ఉన్న ఒక పాయింటు కూడా అడగండి.