సరుకు మనది, సైటు ఎవరిదో

పలాసలో అంత మేలైన జీడిపప్పు తీసి, విజిటింగ్ కార్డు మీద షాపు పేరు చివర ‘బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్’ అని అచ్చు వేయించుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటోంది. గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో కట్టే సైటు అడ్రసది. ఫ్రీ కదా అంటారు. సొంత డొమైన్, అంటే చివర ‘డాట్ ఇన్’ ఉండే మన పేరు, ఏడాదికి వెయ్యి లోపే దొరుకుతుంది బాబూ!

కొత్త పోస్టు పైన, పాతది కింద, ఇలా తేదీల వరసలో నడిచే సైటది. సంక్రాంతి శుభాకాంక్షలు పెట్టగానే డబ్ల్యూ 180, 240, 320 అని సైజును బట్టి పిలిచే పప్పు రకాల ధరలు కిందకి జారిపోతాయి. ధరల్ని విడి పేజీగా చేసి మెనూలో పెడితే ఆ చిక్కు తీరుతుంది.

తీరనిది ఆర్డర్ల గొడవ. డబ్బు నిజంగా పడిందా అని పేమెంట్ గేట్‌వేని (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సర్వీసుని) అడిగి సరిచూసే కోడు సర్వర్ మీద నడవాలి. బ్లాగర్ సర్వర్ గూగుల్‌ది, మన చేతిలో లేదు. అందుకని క్యూఆర్ బొమ్మ అతికిస్తారు. ఫోనులో 1,800 పడినట్టు మెసేజ్ వస్తుంది. ఎవరు పంపారు? గుండు పప్పుకా, బద్దకా? ఏ ఊరికి పంపాలి? పండగ ముందు రోజుల్లో వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు వెతుక్కుంటూ కూర్చుంటే పార్సిలు ఎప్పుడు కట్టాలి!

పోనీ వేరే చోటికి మారదామంటే, బ్యాకప్‌లో వచ్చే రాతల ఫైలులో ఫొటోలుండవు, వాటి లింకులే ఉంటాయి. కనీసం ఇప్పుడైనా సొంత డొమైన్ కొనండి. బ్లాగర్ సెట్టింగుల్లో ఆ పేరిస్తే రెండు సీనేమ్ రికార్డులు (ఆ పేరు ఏ సైటుకి వెళ్లాలో చెప్పే వరసలు) చూపిస్తుంది. రెండూ డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ అనే సెట్టింగుల పేజీలో ఎక్కించండి. పాత అడ్రసు కొట్టినవాళ్లూ కొత్తదానికే వస్తారు. రేపు సైటు ఎక్కడికి మార్చినా కార్డు మళ్లీ అచ్చు వేయించక్కర్లేదు.