రెబెక్కా ముసుగు, నా గుట్టు

బాపుకు కంటి ఆపరేషనై రెండ్రోజులు. కుడికంటికి పట్టీ, ఎడమది ఎప్పట్నుంచో మసక. హన్మకొండలో మా ముందరి గదిలో పడక్కుర్చీ వేసుకుని, ఎదురింటోళ్లు మోటారు ఎప్పుడు వేశారో ఎప్పుడు ఆపారో చెవులతోనే లెక్కగడుతున్నాడు. రిటైరైన డ్రాయింగ్ సారు. ఆపరేషన్ లేకుంటే ఈపాటికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉండేవాడు.

"నువ్వు పోకుంటేంది బాపూ, మ్యూజియమే నీకాడికొస్తది" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

చూపు లేనివాళ్లకు తెర మీదున్నదంతా చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఉంటుందని విన్నాను. ఆన్ చేశాను. అంతే, ఫోను నా మాట వినడం మానేసింది. ఒకసారి తాకితే చదువుతుంది. తెరుచుకోవాలంటే రెండుసార్లు కొట్టాలి, పేజీ జరగాలంటే రెండు వేళ్లు కావాలి. ఇవన్నీ తర్వాత తెలిసినయి. అప్పటికి మాత్రం గోడమీది దోమను కొట్టినట్టు కొడుతున్నాను.

"బ్యాటరీ ముప్పై నాలుగు శాతం" అంది ఫోన్లోని ఆమె.

"చార్జింగ్ పెట్టురా" అన్నాడు బాపు.

ఎట్లనో ఆ మ్యూజియంలోని ముసుగు రెబెక్కా శిల్పం ఫోటోలున్న పేజీ దొరికింది. "చిత్రం. పేరు లేదు." ఇంకోటి తాకాను. "చిత్రం. పేరు లేదు." ఫోటోలు పెట్టిన మహానుభావులెవరో, బొమ్మలో ఏముందో రెండు ముక్కలు రాసిపెట్టలేదు. రాయనిది ఆమె మాత్రం ఎక్కణ్ణుంచి చదువుతుంది, పాపం.

"దీనికంటె మన ఖిల్లల పడున్న రాళ్లు నయం" అన్నాడు బాపు. "నువ్వే చెప్పు."

"తెల్లగుంది బాపూ. ముసుగేసుకుంది."

"గంతేనా?"

"మంచిగుంది."

"నా కడుపున ఎట్ల పుట్టినవురా! ముసుగు కింద మొఖం కనవడ్తదా?"

"కనవడ్తది. సన్నటి బట్ట కదా."

"బట్ట యాడిదిరా? ఒక్కటే పాలరాయి. 1876ల బెంజోని అనే ఇటలీ ఆయన చెక్కిండు. రాయి అవతల మొఖం ఎట్ల కనవడ్తది? మడతలు యాడ ఉన్నయో, యాడ లేవో చూసి చెప్పు."

చూశాను. బట్ట ముఖానికి అంటినట్టున్న చోట నున్నగా ఉంది, జారిన చోట మడతలు పడింది. నిజంగా చూడటం నాకదే మొదటిసారి. చెప్తుంటే బాపు తలూపుతూ, వేళ్లతో గాలిలో గీస్తున్నాడు. అక్కణ్ణుంచి 1213 నాటి రామప్ప గుడికి పోయాడు. ఎత్తుమడమల చెప్పులేసుకున్న మదనిక శిల్పం, అద్దంలా నునుపుదేలిన నల్లరాయి... మాటల్లో ఊపొచ్చింది. అదిగో, సరిగ్గా అప్పుడే:

"వాట్సాప్. చిట్టీల బావ. పదివేలు ఎప్పుడిస్తవ్ బామ్మర్దీ? మీ బాపుకు చెప్పొద్దన్నవని ఇన్నొద్దులు ఊకున్న."

వార్తలు చదివినట్టు, నింపాదిగా చదివింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది.

"ఇది గూడ రెబెక్కానే చెప్పిందా?" అన్నాడు బాపు.

ఆపడానికి సౌండు మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు పట్టుకోవాలట. నా చేతికి ఒకటే దొరికింది. అది పెంచేది. రెండో మెసేజు ఎదురింటికి కూడా వినపడింది:

"వాట్సాప్. చిట్టీల బావ. ఆన్‌లైన్ల ఉన్నవ్, కనవడ్తనే ఉన్నవ్."

చివరికి రెండు మీటలూ చిక్కాయి. ఫోను గప్‌చుప్ అయింది. బాపు పట్టీ సర్దుకుని, కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"ఇగ ఆ పదివేల బొమ్మ చెప్పు. ఏ మడత యాడ వడ్డదో అంత రావాలె."