మార్టినీ-హెన్రీ రైఫిల్‌ని గోడకి తగిలించకండి, దాని తుపాకీ మందుతోనే పేల్చండి

పాత రైఫిల్ కొన్న ప్రతివాడికీ దొరికే మొదటి సలహా: "దాని తూటాలు ఎప్పుడో ఆగిపోయాయి, గోడకి తగిలించుకో." వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కాట్మండులోని పాత రాజభవనంలో దశాబ్దాలు మూలపడి ఉన్న మార్టినీ-హెన్రీలు 2003లో వేలల్లో అమ్ముడై అమెరికా చేరాయి. టెక్సాస్‌లో నా దగ్గరున్నదీ ఆ సరుకే. 1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన రకం. దాని తూటాని (పేరు .577/450) ఇంట్లో తయారుచేసుకోవచ్చు, ఓపికుంటే.

మొదట్లో కేసుని, అంటే మందూ గుండూ పట్టే తూటా గొట్టాన్ని, పల్చటి ఇత్తడి రేకు చుట్టి, అడుగున ఇనప బిళ్ళ బిగించి చేసేవారు. వేడెక్కి మసిపట్టిన తుపాకీ గొట్టంలో అది ఇరుక్కుపోయేది. 1885లో సూడాన్ యుద్ధంలో సైనికులు దీంతో నానా అవస్థా పడ్డారు.

ఇప్పుడు మనకున్న దారి 24 గేజ్ షాట్‌గన్ ఇత్తడి కేసు. బ్రెజిల్ కంపెనీ మాగ్‌టెక్ కేసులతో చాలామంది చేస్తున్నారు. మెడ భాగాన్ని మంటమీద వేడిచేసి మెత్తబరిచి, డైలో (ఆకారమిచ్చే ఉక్కు అచ్చులో) కొంచెం కొంచెంగా నొక్కుతూ సన్నం చేయాలి. ఒకేసారి నొక్కేస్తే ముడతలు పడి కేసు పనికిరాదు. బుల్లెట్ పోతపోసే ముందు పేరులోని .450 అంగుళాల్ని నమ్మకండి. తుపాకీ గొట్టంలోకి మెత్తటి సీసం దిగ్గొట్టి కొలవండి, లోపల చెక్కిన గాళ్ళ దగ్గర .46 దాటే ఉంటుంది.

నా అసలు కోపం, పాత మందు వదిలే మసి కడగడానికి బద్ధకించి ఇందులో పొగలేని మందు (తర్వాతి కాలపు తుపాకీ మందు) పోసేవాళ్ళ మీద. అసలు తూటాలో 85 గ్రెయిన్ల (సుమారు ఐదున్నర గ్రాముల) బ్లాక్ పౌడర్, అంటే పాతకాలపు నల్ల మందు; దాని ముందు 480 గ్రెయిన్ల సీసం గుండు. అంత పెద్ద కేసు ఆ మందు కోసమే. పొగలేని మందు కాస్త పోస్తే అడుగున పడి ఒక్కోసారి ఒక్కోలా మండుతుంది. ఎక్కువైతే, నూటపాతికేళ్ళు దాటిన ఇనుము మీ చెంప పక్కనే పగలొచ్చు. కాల్చాక వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించడం అంత పెద్ద పనా?

1857 తర్వాత బ్రిటిష్‌వాళ్ళు మన సిపాయిలకి ఒక తరం వెనకటి తుపాకులే ఇచ్చారు. తెల్ల సైనికుడి భుజాన మార్టినీ ఉన్న రోజుల్లో మద్రాసు సైన్యంలోని తెలుగు సిపాయికి అంతకు ముందు తరం స్నైడర్ రైఫిలే దిక్కు. ఆ మార్టినీ భుజాన్ని ఎలా తన్నేదో, దాని పొగ ఎదుట ఉన్నదాన్ని ఎంతసేపు కమ్మేసేదో నాకు తెలియాలి. వేరే మందుతో అది తెలియదు.

కొనేముందు మాత్రం గన్‌స్మిత్‌కి చూపించండి. పాకిస్తాన్-ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దులోని కైబర్ కనుమ దగ్గర కొట్టిన నకళ్ళ మీద కూడా విక్టోరియా రాణి ముద్ర ఉంటుంది. వాటిలో ఏ మందూ పోయకండి.