బహిరంగ సభ మైకు గారికి ఒక ఓటరు విన్నపం

మహారాజశ్రీ మైకు గారికి,

నమస్కారములు. మాట ఇచ్చినవారు ఎన్నికలయ్యాక కనిపించకపోయినా, ఆ మాట మోసిన మీరు టెంటు సామానుతో పాటు మా మండల కేంద్రంలోనే ఉంటారు గనుక ఈ విన్నపం మీకే రాసుకుంటున్నాను.

మీ మహిమ ఏమిటోగాని, మీ ముందు నిలబడగానే నాయకుడికి బంధుత్వాలు గుర్తుకొస్తాయి. వేదిక ఎక్కేదాకా మమ్మల్ని తాడుకు అవతల నిలబెట్టించిన పెద్దమనిషే, మిమ్మల్ని వేలితో రెండుసార్లు తట్టి చూసుకుని, "నా అక్కచెల్లెమ్మలారా" అంటూ గొంతు వణికిస్తాడు. వరసలు కలపడాన్ని పూర్తిగా తీసిపారేయలేం. ఆడపడుచులని పిలిచి ఓట్లడిగి 1983లో గెలిచిన ఎన్టీ రామారావు, 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఇప్పించారు (అప్పటికే పెళ్లయినవారికి లేదనుకోండి). ఆ తర్వాత మాతో వరస కలిపినవారిలో పిలుపుతో సరిపెట్టినవారే ఎక్కువ.

ఇక ప్రశ్నల సంగతి. "మీకు ఇల్లు కావాలా, వద్దా?" అని అడిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, "వినపడలేదు, గట్టిగా!" అంటే, వద్దనేవాడు ఏ ఊళ్లో ఉంటాడు? మా చేత మూడుసార్లు "కావాలి" అనిపించాక, ఎక్కడ, ఎప్పటికి, ఎవరి సొమ్ముతో అన్నవి ఈలల్లో కొట్టుకుపోతాయి. ఈ విద్య పాతదే: 1971లో ఇందిరా గాంధీ, వాళ్లు ఇందిరను తొలగించమంటున్నారు, నేను పేదరికాన్ని తొలగించమంటున్నాను అన్నప్పుడు, ఆమెను కాదన్నవాడు పేదరికం తరఫు మనిషైపోయాడు.

మీ దగ్గర వ్యాకరణం కూడా వేరు. రోడ్డు "నేను వేయించాను", గుంటలు మాత్రం వాటంతటవే "పడ్డాయి". 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ సాక్షిగా ఐదేళ్లు ఇస్తామన్న ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక హోదా, 2016 సెప్టెంబరు నాటికి ప్యాకేజీగా మారింది. ఎవరు మార్చారంటే పద్నాలుగో ఆర్థిక సంఘాన్ని చూపించారు. పాపం, ఆ సంఘం ఏ సభలోనూ మిమ్మల్ని పట్టుకుని ఓట్లడగలేదు.

రాత్రి పది దాటితే నిబంధనల ప్రకారం మీ నోరు కట్టేస్తారు గనుక, తొమ్మిదిన్నరకైనా మీ తీగను కుర్చీలు దొరకని మా వెనక వరుసల దాకా ఒకసారి సాగనివ్వండి. ఇల్లు కావాలా వద్దా అన్నది మేం మళ్లీ ఎత్తం. స్థలం ఏ సర్వే నంబరులో ఇస్తారో మాత్రం కనుక్కుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఓటరు