ఏడురోడ్ల దగ్గర ఇంకా 2011

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, అదే మన తెలుగు భాషా దినోత్సవం. ఆయన 1863లో పుట్టింది మా శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో కాబట్టి ఆ ఒక్కరోజూ సిక్కోలు జనం మిగతా ఆంధ్రుల కంటే రెండంగుళాలు ఎత్తు ఎక్కువ కనబడతాం. ఈసారి సభకి ఫ్లెక్సీ వేయించే పని నా నెత్తిన పడింది. ఇంట్లో లిబ్రె ఆఫీసు అనే సాఫ్ట్‌వేర్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా అవే అక్షరాలుగా ఉండాల్సిన యూనికోడ్ తెలుగులో నాలుగు లైన్లు కొట్టుకుని, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఓ షాపుకెళ్లాను.

"యూనికోడా? అవదు మాస్టారూ, మళ్లీ కొట్టాల" అన్నాడు కుర్రాడు. ఎందుకవదో చూపించాడు కూడా. 2001 తర్వాత కొత్త వెర్షనే రాని ఓ సాఫ్ట్‌వేర్ ఉంది, పేరెందుకు, తెలుగునాట డీటీపీ చేసినవాళ్లందరికీ తెలిసిందే. నా మేటర్ తెచ్చి అందులో పేస్ట్ చేశాడు. గిడుగు వెంకట రామమూర్తి అని ఉండాల్సిన చోట వరసగా ఇరవై ప్రశ్నార్థకాలు నిలబడ్డాయి. ఆయన బతికుంటే అడగాల్సిన ప్రశ్నలు సరిగ్గా అన్నే ఉండేవేమో.

అదంతా భరించాను. అడ్వాన్సు కట్టాక ఇచ్చిన బిల్లు చూశాకే బుర్ర తిరిగింది. దాని మీద తారీఖు 2011.

తప్పు పడిందనుకున్నాను. కాదట. ట్రయల్ మీద దించిన ఓ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉందట, గడువైపోతే తెరుచుకోదట. అందుకని కుర్రాడు రోజూ పొద్దున్నే షట్టరెత్తి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, కంప్యూటర్ తారీఖు 2011కి తిప్పేస్తాడు. ఎంత నిష్ఠ! పూజారి అయినా ఓ రోజు మర్చిపోతాడేమో గానీ వీడు మర్చిపోడు. అంటే ఆ పది అడుగుల గదిలో రాష్ట్రం ఇంకా విడిపోలేదు. హుద్‌హుద్ తుపాను రాలేదు. జీఎస్టీ ఎవడూ కట్టలేదు. తిత్లీ పుట్టనే లేదు, ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ నిటారుగా నిలబడే ఉన్నాయి. గడప దాటి లోపలికెళ్తే నా మోకాళ్ల నొప్పి కూడా పోయినట్టనిపించింది, ఒట్టు.

మధ్యలో ఏదో బొమ్మ కావాలని నెట్ తెరిచాడు. ఒక్క సైటూ రావట్లేదు. "ఈ నెట్ ఎప్పుడూ ఇంతే మాస్టారూ" అని కంపెనీని తిట్టాడు. నాయనా, నీ కంప్యూటర్ 2011లో ఉంది, నేను అసలుదాన్నే అని ఆ సైటు చూపించే సర్టిఫికెట్ ఈ మధ్య ఇచ్చింది, ఇంకా పుట్టని కాగితాన్ని నీ బ్రౌజర్ ఎలా నమ్ముతుంది? చెప్పాను. నవ్వాడు. తెర మీద కుడి మూల, విండోస్‌కి లైసెన్సు లేదని గుర్తుచేసే 'యాక్టివేట్ విండోస్' అని బూడిదరంగు అక్షరాలు అలా ఉండనే ఉన్నాయి. దాన్ని వాళ్లు కంపెనీ వేసే ముద్ర అనుకుంటారు, చీర అంచులాగా.

"డిజైన్లకి ఇంక్‌స్కేప్ అని ఉంది, వేసుకోరాదూ? తెలుగు చక్కగా వస్తుంది, ఫ్రీ" అన్నాను.

మొహం చిట్లించాడు. "ఫ్రీవి బావుండవు మాస్టారూ. నా దగ్గరున్నది ఒరిజినల్ క్రాకు."

ఒరిజినల్ క్రాకు! అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీల్లో అసలు సిసలుదన్నమాట. ఇంతకంటే మంచి తెలుగు మాట ఈ మధ్య పుట్టలేదు. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్ కావాలని స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ 1983లో గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించిన దగ్గర్నుంచి ఫ్రీ అంటే స్వేచ్ఛరా బాబూ అని చెప్పి చెప్పి అలిసిపోయాడు, పాపం ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అయినా ఏం లాభం? ఉచితమంటే రేషన్ బియ్యం లెక్కన ముక్కు మూసుకుంటాం, దొంగది మాత్రం ఖరీదైంది కదా అని కళ్లకద్దుకుంటాం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. నా వెనక లైన్లో ఓ ముసలామె నిలబడి ఉంది. పెన్షన్ కాగితాల్లో పేరు తప్పు పడిందట, అర్జీ కొట్టించుకోవాలి. ఇది మూడోసారి. మొదటిసారి కొట్టింది సేవ్ చెయ్యలేదు, రెండోసారిది వేరే షాపులో వేరే ఫాంటు, ఇక్కడ తెరిస్తే పిచ్చిగీతలు. పేజీకి యాభై చొప్పున మూడుసార్లు. మూడోదాని మీద కూడా 2011 పడింది, కుర్రాడు పెన్నుతో కొట్టేసి పైన రాశాడు. "సెల్లుతాదా బాబూ?" అని నన్నడిగింది. ఏం చెప్పమంటారు?

పెరూలో ఎడ్గార్ విల్లనువేవా అనే ఎంపీ సర్కారు ఆఫీసుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడాలని బిల్లు పెడితే 2002లో మైక్రోసాఫ్ట్ అభ్యంతరాలు రాసింది. ఆయన తిరిగి రాసిన జవాబులో డబ్బు సంగతి వెనక్కి పోయింది. జనం సమాచారం జనానికి అందాలి, ఎన్నేళ్లయినా తెరుచుకోవాలి, ఒక్క కంపెనీ చేతిలో ఇరుక్కోకూడదు అన్నాడు. ఆయన మా ముసలామెని చూడలేదు, చూసినట్టే రాశాడు. మన కేంద్రం కూడా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కే ముందు చోటివ్వాలని 2015లో ఓపెన్ సోర్స్ విధానం అని ఓ కాగితం తెచ్చింది. కేరళలో బడిపిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే చదువుకుంటున్నారు, అదేమీ చంద్రమండలం కాదు, పలాసలో రైలెక్కితే మర్నాటికి చేరతాం. ఇక్కడ మాత్రం తన పేరు సరిచేయమని అడగడానికి ఆవిడ మూడుసార్లు డబ్బు కట్టాలి, దాన్ని మనం మామూలే కదా అంటాం. సిగ్గు లేదు మనకి. సవర పిల్లలకి వాళ్ల భాషలో చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టిన మనిషికి దండలేసే జాతి మనది!

అన్నట్టు గిడుగు అనే తెలుగు ఫాంటే ఉంది. ఆయన పేరుతోనే. స్వేచ్ఛా లైసెన్సు, ఎవరైనా దించుకోవచ్చు. గిడుగు గారి ఫ్లెక్సీ గిడుగు ఫాంటులో వేయించాలన్నది నా చిన్న ముచ్చట.

సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. మళ్లీ కొట్టారు కదా, 'గొడుగు వెంకట రామమూర్తి' అని పడింది. ఆరడుగుల ఫ్లెక్సీ మీద అడుగెత్తు అక్షరాలు. గొడవపడి ఇంకోటి వేయించాను, సగం డబ్బు నాదే. మొదటిది ఏంచేశార్రా అంటే పక్కన ఇడ్లీబండి ఆయన పట్టుకెళ్లాడన్నారు. మర్నాడు వాన దంచుతుంటే ఆ బండి కిందే నిలబడి రెండిడ్లీ తిన్నాను. ఒక్క చుక్క కారలేదు.