భాషకో కోటా, భాషకో బడి

ఇటలీ ఉత్తరపు కొసన, ఆల్ప్స్ కొండల్లో ఉన్న దక్షిణ టిరోల్‌లో సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టాలంటే సర్టిఫికెట్లతో పాటు ఇంకో కాగితం కావాలి. మీరు జర్మన్ వర్గమా, ఇటాలియనా, లేక కొండలోయల్లో లాదిన్ అనే చిన్న భాష మాట్లాడే లాదినా అని తేల్చే డిక్లరేషన్ అది. ఉద్యోగాలను ఈ మూడు వర్గాల జనాభాను బట్టే పంచుతారు. 2011 లెక్కల్లో జర్మన్ వాళ్లు 69 శాతం, ఇటాలియన్లు 26, లాదిన్లు నాలుగున్నర. మనకు రిజర్వేషన్ అనగానే కులం గుర్తొస్తుంది, అక్కడ భాష.

ఇదేం పద్ధతి అనిపించొచ్చు. వెనక జరిగింది తెలిస్తే అలా అనబుద్ధి కాదు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ నేల ఆస్ట్రియాది. ఇటలీ చేతికొచ్చాక, ముసోలినీ హయాంలో బడుల్లోంచి జర్మన్‌ను గెంటేశారు, ఊళ్ల పేర్లు మార్చేశారు. పిల్లలకు సొంత అక్షరాలు నేర్పడానికి ఇళ్లలో చాటుమాటుగా బడులు నడపాల్సి వచ్చింది. 1939లో హిట్లర్, ముసోలినీ కూడబలుక్కుని పెట్టిన షరతు ఇంకా దారుణం: భాష కావాలంటే ఊరొదిలి జర్మనీకి పోండి, ఊరే కావాలంటే భాష మీద ఆశ వదులుకోండి. ఎక్కువమంది పోతామనే రాసిచ్చారు. యుద్ధం ముదరడంతో నిజంగా వెళ్లింది 75 వేల మంది దాకా.

1946 పారిస్ ఒప్పందంలో స్వయంపాలన ఇస్తామన్నారు. ఇచ్చినట్టే ఇచ్చి, ఇటాలియన్లు ఎక్కువున్న పక్క ప్రాంతం ట్రెంటోతో కలిపి కట్టేశారు. ఆ మంటే 1961 జూన్‌లో ఒక్క రాత్రిలో కరెంటు టవర్లను వరసగా పేల్చేసేదాకా వెళ్లింది. 1972లో ఈ కోటాకు ఆధారమైన రెండో స్వయంపాలన చట్టం వచ్చాకే దారి దొరికింది. కాబట్టి కోటా ఎత్తేయమనే వాళ్లతో నేను కలవను.

నా పేచీ బడితోనే. జర్మన్ బడి వేరు, ఇటాలియన్ బడి వేరు. ఒకదాంట్లో రెండో భాష ఒట్టి సబ్జెక్టు. పిల్లలను కలిపి చదివిస్తే పాత కథ మళ్లీ మొదలవుతుందని జర్మన్ నాయకుల భయం. భయం ఉత్తది కాదు, కానీ పక్కనే ఉన్న లాదిన్లను చూడరేం? గార్డేనా, బాడియా లోయల్లోని వాళ్ల బడుల్లో పాఠాలు సగం జర్మన్‌లో, సగం ఇటాలియన్‌లో. లాదిన్‌కు వారానికి కొద్ది గంటలే. అయినా 1971లో 3.7 శాతం ఉన్న వాళ్ల వాటా తగ్గకపోగా పెరిగింది. లోయల్లో ఒక్కచోట ఉండటమూ కలిసొచ్చింది, ఒప్పుకోవాల్సిందే. ఇటాలియన్లే ఎక్కువున్న అక్కడి రాజధాని బోల్జానో నగరంలో అంత తేలిక కాదు. అందుకని అసలు మొదలే పెట్టకపోతే ఎలా?

తల్లిది ఒక భాష, తండ్రిది ఇంకోటి అయిన ఇళ్లకు అసలు చిక్కు. యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు అలెగ్జాండర్ లాంగర్ 1995లో బోల్జానో మేయర్ పదవికి నిలబడబోతే, భాషా డిక్లరేషన్ ఇవ్వలేదని పోటీకి ఒప్పుకోలేదు. మనుషులను ఇలా గదులు కట్టి విడదీయొద్దన్నది ఆయన వాదన. 1991 నుంచి ‘ఇతరులు’ అని రాసుకునే వీలైతే ఉంది. రాసినా, కోటా కోసం ఆ మూడింట్లో ఏదో ఒక వర్గంలో చేరక తప్పదు.