రిలక్టెంట్ అంటే అన్‌విల్లింగ్, అన్‌విల్లింగ్ అంటే రిలక్టెంట్

పోయిన మంగళవారం సాయంత్రం మా అమ్మాయి బడి డైరీలో ఒక శాసనం వెలువడింది. మూడో తరగతి పిల్లకు ఆ రోజు కేటాయించిన ఇంగ్లీషు పదం 'రిలక్టెంట్'. అర్థం: 'అన్‌విల్లింగ్'. పదిసార్లు రాయవలెను, అర్థం బట్టీ పట్టవలెను, సొంత వాక్యం ఒకటి కూర్చవలెను, కింద తల్లి గాని తండ్రి గాని సంతకం చేయవలెను. ఒక మాటను నేర్పడం ఇంత చవకగా తేలిపోతుందని తెలియక, పాపం, మన పెద్దలు ఏళ్ళ తరబడి నిఘంటువులు రాస్తూ కూర్చున్నారు.

బాధ్యత గల తండ్రిగా నేను విచారణ చేపట్టి, 'అన్‌విల్లింగ్' అంటే ఏమిటని అడిగాను. పిల్ల తడుముకోకుండా 'రిలక్టెంట్' అన్నది. మరి రిలక్టెంట్ అంటే? 'అన్‌విల్లింగ్.' గానుగెద్దు తిరిగితే చివరకు నూనె అయినా వస్తుంది. ఈ ప్రదక్షిణలో పిండి కూడా రాలలేదు.

వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మకు ఈ సంభాషణలో ఒక్క ముక్క మాత్రం చెవిన పడింది.

"విల్లు ఎవరిదే, రాముడిదా, అర్జునుడిదా?"

"విల్లు కాదు నానమ్మా, విల్లింగ్!"

"విల్లింగో, ఇంగువో, దానికి అర్థం చెప్పవే."

"అన్‌విల్లింగ్ అంటే రిలక్టెంట్."

"ఆ రెండోదానికి?"

"అన్‌విల్లింగ్!"

మా అమ్మ ముందు మనవరాలి వైపు, తరువాత ఇంత ఫీజు కడుతున్న కొడుకు వైపు చూసి, చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, అన్నానికి రమ్మని పిలిచింది. కంచంలో బీరకాయ కూర కనిపించగానే పిల్ల మొహం చిట్లించి, "నాకు తినబుద్ధి కావట్లేదు నానమ్మా" అని గొణుగుతూ, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఒక్కొక్క మెతుకే లెక్కపెట్టుకుంటూ, మొత్తానికి తిన్నది.

పాఠకులు గమనించవలసినది ఇక్కడే ఉన్నది. రెండు గంటలుగా మేము వెతుకుతున్న పదం సాక్షాత్తూ కాళ్ళీడ్చుకుంటూ వచ్చి మా వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నది. ఈ మాటకు మూలమైన లాటిన్ క్రియకు ఎదురు తిరిగి పెనుగులాడడమని అర్థం. అందులో ఉన్నది కుస్తీ పట్టు. లోపల మనసు వెనక్కి లాగుతుంటే మనిషి మాత్రం ముందుకు నడవడమే రిలక్టెంట్. అన్‌విల్లింగ్ అయినవాడు 'తినను పో' అని కంచం తోసేస్తాడు. రిలక్టెంట్ అయినవాడు వెనకాడుతాడు, సణుగుతాడు, చాలాసార్లు చివరకు తింటాడు. దీని వెనుక 'టు' వేసి క్రియను తగిలిస్తే వాడుక కూడా వచ్చేసినట్టే: తినబుద్ధి, వెళ్ళబుద్ధి, ఇవ్వబుద్ధి అన్నప్పుడు మనం క్రియను ముందు పెట్టుకుంటాం, వాళ్ళు వెనుక పెట్టుకుంటారు. పక్కింటివాడిలా కనిపించే 'రెటిసెంట్'తో దీనికి చుట్టరికం లేదు; అది నోరు విప్పని మనిషికి చెప్పే మాట. (ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకున్నవారికి ఇదే పదం 'రిలక్టెన్స్' అన్న వేషంలో అయస్కాంత వలయాల పాఠంలో మళ్ళీ ఎదురవుతుంది. అయస్కాంత ప్రవాహానికి ఎదురయ్యే నిరోధానికి 1888లో ఆలివర్ హెవిసైడ్ పెట్టిన పేరది. అర్థం తెలిసినవాడు పెట్టిన పేరు కనుక అతికినట్టు ఉన్నది. దాన్ని కూడా మనవాళ్ళు బట్టీ పట్టే పరీక్ష గట్టెక్కుతారు.)

ఈ సంగతి తెలుగులో రెండు ముక్కలు చెప్పగానే పిల్లకు వెలిగింది. వెంటనే సొంత వాక్యం రాసేసింది: 'మై నానమ్మ ఈజ్ రిలక్టెంట్ టు గివ్ ద రిమోట్.' వ్యాకరణం శుద్ధం, వాడుక శుద్ధం, వాస్తవానికి సాక్ష్యం మా ఇంట్లో ప్రతి రాత్రీ సీరియల్ వేళకు లభ్యం. మర్నాడు ఆ వాక్యం మీద ఎర్రసిరాతో అడ్డగీత పడింది. పక్కన ఇంగ్లీషులో ఒక సూచన: 'క్లాసులో ఇచ్చిన సొంత వాక్యమే రాయవలెను.'

క్లాసులో ఇచ్చిన సొంత వాక్యం! 'రాము బడికి వెళ్ళడానికి రిలక్టెంట్' అన్నదే ఆ వాక్యం. నలభై నోటుబుక్కులలో నలభై మంది రాములు, ఒకే చేతివాటంతో, ఒకే ఉదయాన, ఒకే బడి గేటు ముందు కాళ్ళీడ్చుకుంటూ నిలబడి ఉన్న దృశ్యాన్ని ఊహించుకోండి. వాళ్ళను నేనైతే తప్పు పట్టను. ఆ బడికి నన్ను పంపినా అంతే.

తల్లిదండ్రుల సమావేశంలో నేను చేతులు కట్టుకుని, పదం పక్కన తెలుగు అర్థం కూడా రాయించవచ్చు కదా అని విన్నవించుకున్నాను. "తెలుగులో చెబితే పిల్లలు తెలుగులోనే ఆలోచిస్తారు సార్" అని చాలా జాలిగా బదులు వచ్చింది. ఆలోచిస్తారన్నదే భయమన్నమాట!

1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడి పండితుల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు, తాళపత్రాలు పోగుచేసి శుద్ధప్రతులు రాయించాడు, ఒక్కొక్క ఇంగ్లీషు మాటకూ తెలుగు మాట వెతికి 1852లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు అచ్చు వేయించాడు. అదే కడప జిల్లాలో, మైదుకూరులోని ఒక బడిలో, 2009లో తెలుగు మాట్లాడిన పాపానికి పసిపిల్లల మెడలో 'ఇక తెలుగులో మాట్లాడను' అన్న పలకలు ఇంగ్లీషులో రాసి వేలాడదీశారు. ఇది ఇంగ్లీషు మీద ప్రేమ కాదు. ఇంగ్లీషు వచ్చినవాడెవడూ ఇలాంటి పని చేయడు. తమకు రాని భాషను తమకు చేతకాని పద్ధతిలో నేర్పుతూ, ఆ చేతకానితనాన్ని పిల్ల మెడకు కట్టడం ఇది. నోట్లోని ముద్ద పీకి పారేసి, ఆకలి తీరలేదేమని అదే పిల్లను నిలదీయడం ఇది. తినబుద్ధి అన్న మాట తెలిసిన పిల్లకు ఇంగ్లీషు నేర్పలేనివాళ్ళు, ఆ మాట కూడా లాగేసుకున్న తరువాత ఇంకేం నేర్పుతారు?

ఆ రాత్రి మా అమ్మాయి అడ్డగీత పడిన వాక్యాన్ని రబ్బరుతో చెరిపి, రామును పదిసార్లు బడికి బయలుదేరదీసింది. నానమ్మ రిమోట్ చీరకొంగు కింద దాచుకుని టీవీ చూస్తున్నది. పిల్ల డైరీ తెచ్చి, "నాన్నా, సంతకం" అని చేతిలో పెన్ను పెట్టింది. నాకు పెట్టబుద్ధి కాలేదు. పెట్టాను.